యుద్ధం ఆగాక ఇల్లు కట్టేదెవరు? జాబితాలో పేరు ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే కాలు పెట్టడానికి చోటుండదు. పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి తెల్లవారకముందే టిక్కీలు దిగుతాయి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని హమాలీలు మోస్తుంటారు. అక్కడ కాటా పడిన సరుకు మన వంటిళ్లతో ఆగిపోదు. చైనా పోతుంది, బంగ్లాదేశ్ పోతుంది, శ్రీలంక పోతుంది. లంకలో వాడే ఎండుమిర్చిలో పెద్ద భాగం మన దేశం నుంచి వెళ్లేదే. నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు వైపు పండే పత్తి సంగతీ అంతే. మన పత్తికి, నూలుకు పెద్ద గిరాకీ బంగ్లాదేశ్ మిల్లుల నుంచే.

కాబట్టి ఎక్కడో యుద్ధం జరిగితే మనకేంటి అనుకోవడానికి లేదు. యుద్ధం ఆగాక అక్కడ రోడ్డు, రైలు, కరెంటు మళ్లీ నిలబడతాయా లేదా అన్నది ఇక్కడి కల్లాల మీద కూడా పడుతుంది.

ఇప్పుడు అందరి కళ్లూ గాజా మీద ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి, యూరోపియన్ యూనియన్ కలిసి 2025 ఫిబ్రవరిలో వేసిన అంచనా ప్రకారం గాజాను మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లలో 5,320 కోట్ల డాలర్లు కావాలి. యుద్ధం ఆ తర్వాత కూడా సాగింది, నష్టం ఇంకా పెరిగింది. 2025 అక్టోబర్‌లో మళ్లీ కాల్పుల విరమణ కుదిరింది. నవంబర్ 17న భద్రతా మండలి 2803వ తీర్మానం ఆమోదించింది. గాజా పాలన, పునర్నిర్మాణం చూసుకోవడానికి 'బోర్డ్ ఆఫ్ పీస్' అనే కొత్త ఏర్పాటుకు అది దారి ఇచ్చింది.

జుమా తర్వాత దువాలో గాజా పేరు వినని వారం లేదు. అయితే దువాతో పాటు ఒక ప్రశ్న కూడా అడగాలి. అంత డబ్బు వస్తే అది ఎవరి చేతికి వెళ్తుంది? దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. యుద్ధం ముగిసిన మూడు పొరుగు దేశాల్లో మన ప్రభుత్వమే సాయం చేసింది. అందులో మంచి ఉంది, పొరపాటూ ఉంది. రెండూ చూడాలి.

బంగ్లాదేశ్: ముందు వంతెన

1971లో సుమారు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. ఆ భారం దేశమంతా మోసింది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి చాలా రకాల ఉత్తరాల మీద మామూలు స్టాంపుతో పాటు ఐదు పైసల 'రెఫ్యూజీ రిలీఫ్' స్టాంపు కూడా అంటించాల్సి వచ్చింది. 1973 మార్చి దాకా అది నడిచింది. గుంటూరు నుంచి ఒంగోలుకు పెళ్లి కబురు రాసినా, కొడుకు హాస్టల్ నుంచి డబ్బు పంపమని రాసినా ఆ ఐదు పైసలు తప్పలేదు. అలా మన పెద్దవాళ్లు కూడా ఆ సాయంలో భాగస్వాములే. చాలామందికి గుర్తుండకపోవచ్చు.

యుద్ధం అయ్యాక మొదట చూడాల్సి వచ్చింది దారులు. పద్మా నది మీద హార్డింజ్ వంతెనలో ఒక గర్డరు యుద్ధంలో నదిలో కూలింది. ఉత్తర ప్రాంతానికి రైలు తెగిపోయింది. మన రైల్వే ఇంజినీర్ల సాయంతో దాన్ని బాగు చేసి 1972 అక్టోబర్‌లో మళ్లీ రైళ్లు నడిపించారు. ఏడాది తిరగలేదు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, వంతెన లేకపోతే బియ్యం కదలదు. బియ్యం కదలకపోతే ఎంత సాయం ఓడల్లో దిగినా రేవులోనే పడి ఉంటుంది. చిట్టగాంగ్ రేవులో మందుపాతరలు, మునిగిన ఓడలు తీసే పనిని సోవియట్ నావికాదళం చేసింది. అన్నం కంటే ముందు దారి బాగు చేయడం అప్పుడు పనికొచ్చిన పద్ధతి.

అఫ్గానిస్తాన్: ఆనకట్ట మిగిలింది, పాలకులు మారారు

2001 తర్వాత అఫ్గానిస్తాన్‌లో భారత్ 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. 34 ప్రావిన్సుల్లోనూ ఏదో ఒక పని జరిగింది. వాటిలో పెద్దవి కొన్ని: ఇరాన్ సరిహద్దు జరంజ్ నుంచి దెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డు, పుల్-ఎ-ఖుమ్రీ నుంచి కాబూల్‌కు కరెంటు లైను, కాబూల్‌లో పార్లమెంటు భవనం, హెరాత్ దగ్గర హరీ రూద్ నది మీద సల్మా ఆనకట్ట. 42 మెగావాట్ల కరెంటు, 75 వేల హెక్టార్లకు నీళ్లు ఇచ్చేలా కట్టిన ఈ డ్యామ్‌ను 2016 జూన్ 4న ప్రారంభించారు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద బతికే పల్నాడు రైతుకు ఆ నీళ్ల విలువ ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఇవి ఉత్త పుణ్యానికి చేసినవి కావు. జరంజ్ రోడ్డు ఇరాన్‌లోని చాబహార్ రేవుకు కలుస్తుంది. పాకిస్తాన్ మీద ఆధారపడకుండా అఫ్గానిస్తాన్‌కు, మధ్య ఆసియాకు సరుకు పంపుకోవాలన్నది ఢిల్లీ ఆలోచన. ఏ ప్రభుత్వ సాయంలోనైనా ఇచ్చేవాడి లెక్క ఒకటి ఉంటుంది. ఉండటం తప్పు కాదు. తీసుకునేవాడికి కూడా మేలు జరిగిందా లేదా అన్నదే చూడాలి.

ఆ పనులకు ప్రాణాలు కూడా పోయాయి. జరంజ్ రోడ్డు పనిలో దాడులకు, ప్రమాదాలకు వంద మందికి పైగా అఫ్గాన్లు, కొందరు భారతీయులు చనిపోయారు. 2006 ఏప్రిల్‌లో జాబుల్ ప్రాంతంలో మొబైల్ నెట్‌వర్క్ పని మీద ఉన్న హైదరాబాద్ ఇంజినీరును ఎత్తుకెళ్లి చంపారు. ఆ రోజు తెలుగు ఇళ్లలో కాబూల్ వార్త మన ఇంటి వార్త అయింది.

ఇక అమెరికా లెక్క వేరే. రెండు దశాబ్దాల్లో అఫ్గానిస్తాన్ పునర్నిర్మాణానికి 14,500 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ సిగార్ 2021లో చెప్పింది. అంతకు ముందు ఏడాది అదే సంస్థ 6,300 కోట్ల డాలర్ల ఖర్చును పరిశీలించి, అందులో 1,900 కోట్లు వృథా, మోసం, దుర్వినియోగం కింద పోయాయని తేల్చింది. పది రూపాయల్లో మూడు రూపాయలు గాలికి పోయినట్టు. అందులో పెద్ద భాగం సైన్యం, పోలీసుల మీద పెట్టిందే. ఆ సైన్యం 2021 ఆగస్టులో కొన్ని వారాల్లోనే చెల్లాచెదురైంది. తాలిబాన్ చేతికి మొదట చిక్కిన ప్రావిన్సు రాజధాని జరంజే. కానీ ఆనకట్ట ఎక్కడికీ పోలేదు. నీళ్లు పాలకుల పేరు అడగవు.

2025 అక్టోబర్‌లో తాలిబాన్ విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు ఉమ్మడి ప్రకటనలో సల్మా డ్యామ్ ప్రస్తావన ఉంది. అప్పుడే కాబూల్‌లో మన కార్యాలయాన్ని మళ్లీ ఎంబసీ స్థాయికి పెంచారు. ఆయన దేవ్‌బంద్ వెళ్లడం, ఢిల్లీలో మొదటి విలేఖరుల సమావేశానికి మహిళా జర్నలిస్టులను పిలవకపోవడం రెండూ చర్చ అయ్యాయి. ఇక్కడ అసలు బాధ ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్లలో కట్టిన బడుల గోడలు నిలిచే ఉన్నాయి గానీ, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు వాటి తలుపులు మూసేశారు. ఇటుకలు కట్టగానే పునర్నిర్మాణం పూర్తయినట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. చదువు ఆడామగా ఇద్దరికీ ఫర్జ్ అని నేర్చుకుని పెరిగిన ముస్లిం కుటుంబాలు ఈ మాట గట్టిగా చెప్పాలి.

శ్రీలంక: డబ్బు నేరుగా ఇంటివాళ్లకే

శ్రీలంక అంతర్యుద్ధం 2009 మేలో ముగిసింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే నేలమట్టం. 2010లో భారత్ 50 వేల ఇళ్ల పథకం ప్రకటించింది. మొదట వెయ్యి ఇళ్లు కాంట్రాక్టర్లతో కట్టించారు. 2012 అక్టోబర్ నుంచి పద్ధతి మార్చారు. తర్వాతి 45 వేల ఇళ్లకు కాంట్రాక్టరును పక్కన పెట్టి, కొత్త ఇంటికి ఐదున్నర లక్షల లంక రూపాయలు విడతలుగా కుటుంబం బ్యాంకు ఖాతాలోనే వేశారు. పునాది అయితే ఒక విడత, గోడలు లేస్తే ఒక విడత, కప్పు పడితే ఒక విడత. మిగతా నాలుగు వేల ఇళ్లు తేయాకు తోటల కార్మికులకు.

మన దగ్గర ఇందిరమ్మ ఇళ్లకు బిల్లులు వచ్చిన పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఇంటామె దగ్గరుండి మేస్త్రీతో పని చేయించుకుంటే సిమెంటు దొంగ లెక్కలు తగ్గుతాయి. వంటిల్లు ఎటు ఉండాలో ఆమే చెప్పుకుంటుంది. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వడం ఈ పథకంలో మంచి విషయం. కష్టం కూడా ఉంది. ఊరంతా ఒకేసారి ఇళ్లు మొదలుపెడితే ఇసుక, ఇటుక, మేస్త్రీ కూలి అన్నీ పెరుగుతాయి. ఇచ్చిన డబ్బు చాలక అప్పు చేసిన కుటుంబాలు తక్కువేం కాదు.

రైళ్ల సంగతి చూస్తే, ఉత్తరాన ధ్వంసమైన పట్టాలను మన ఇర్కాన్ సంస్థ వేసింది. 2014 అక్టోబర్‌లో యాల్ దేవి రైలు మళ్లీ జాఫ్నా చేరింది. అయితే ఒక తేడా గమనించాలి. ఇళ్లకు ఇచ్చింది ఉచిత సాయం. పట్టాలకు ఇచ్చింది అప్పు. పేపర్లో రెండిటినీ 'సాయం' అనే రాస్తారు. తీర్చాల్సిన రోజు వచ్చినప్పుడు గానీ తేడా తెలియదు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ దేశం దగ్గర డాలర్లు నిండుకుంటే మిర్చి, ఉల్లి, పప్పు పంపే మన వ్యాపారులకు కూడా గుండెల్లో రాయి పడింది. ఆ ఏడాది భారత్ ఆహారం, మందులు, ఇంధనం కోసం ఇచ్చిన అప్పులు, వాయిదాలు అన్నీ కలిపి సుమారు 400 కోట్ల డాలర్ల ఆదుకోలు లేకపోతే ఆ వ్యాపారం ఇంకా దెబ్బతినేది.

జాబితాకెక్కని జాఫ్నా ముస్లింలు

ఈ మొత్తం కథలో తెలుగు ముస్లిం కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాల్సిన అధ్యాయం ఒకటుంది. 1990 అక్టోబర్‌లో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతంలోని ముస్లింలందరినీ వెళ్లగొట్టింది. అక్టోబర్ 30న జాఫ్నా పట్టణంలో ఇచ్చిన గడువు రెండు గంటలు. సుమారు 75 వేల మంది కట్టుబట్టలతో, చేతిలో కొద్దిపాటి డబ్బుతో నడిచి, పడవలెక్కి పుత్తళం చేరారు. తరతరాల ఇళ్లు, దుకాణాలు, మసీదులు అన్నీ వదిలేశారు.

యుద్ధం ముగిసి సాయం వచ్చేసరికి పంతొమ్మిదేళ్లు గడిచాయి. అధికారుల లెక్కల్లో రెండు రకాల నిర్వాసితులు తయారయ్యారు. 2008 తర్వాత ఇళ్లు వదిలినవాళ్లు 'కొత్తవాళ్లు', అంతకు ముందువాళ్లు 'పాతవాళ్లు'. చివరి యుద్ధంలో నలిగిన కొత్తవాళ్లకు ముందు ఇవ్వాలన్నది న్యాయమే. కానీ ఆ వరసలో పాతవాళ్లు వెనక్కి పోయారు. పైగా పుత్తళంలో ఇరవై ఏళ్లు బతికాక పిల్లల బడులు, ఓటు, రేషను అన్నీ అక్కడే ఉన్నాయి. ఊరికి తిరిగొద్దామంటే ఇల్లు లేదు. ఇల్లు ఇవ్వమంటే "మీరు ఇక్కడ ఉండటం లేదు కదా" అన్నారు. ఇల్లు లేక రాలేదు, రాలేదు కాబట్టి ఇల్లు లేదు. ఈ చిక్కుముడిలో ఎన్నో కుటుంబాలు ఇరుక్కుపోయాయి. శ్రీలంక ప్రభుత్వమే వేసిన ఎల్‌ఎల్‌ఆర్‌సీ కమిషన్ కూడా 2011లో ఉత్తర ముస్లింల పునరావాసానికి ఒక స్పష్టమైన విధానం కావాలని చెప్పింది.

ఇందులో ఢిల్లీ కుట్ర ఏదీ లేదు. తమిళులకు ఇవ్వడం తప్పూ కాదు, వాళ్లు పడ్డ బాధ చిన్నదీ కాదు. తప్పు జాబితా తయారీలో ఉంది. సాయం ఎంత పెద్దదైనా జాబితాలో పేరు లేనివాడికి సున్నాయే.

ఈ మాట మన ఊళ్లలోనూ వర్తిస్తుంది. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.58 లక్షల టన్నులకు తేడా డబ్బు చెల్లించే పథకానికి ఒప్పుకుంది. కాగితం మీద మంచిదే. కానీ ఎకరానికి ఇంత అని కౌలు ముందే కట్టి, మందులకు అప్పు తెచ్చి పండించిన కౌలు రైతు పేరు రికార్డుల్లో ఉండాలి కదా. 2019 చట్టం ప్రకారం కౌలు రైతు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. మధ్యలో నష్టపోయేది కౌలుదారు. ఒకప్పుడు పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో సొంత పొలం లేక కౌలు చేస్తున్నవాళ్లకు, యార్డులో కూలికి పోతున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. జాఫ్నా ముస్లింకు తిరిగొచ్చిన రుజువు లేదు, పల్నాడు కౌలు రైతుకు సంతకం లేదు. ఇద్దరి నష్టమూ కాగితం దగ్గరే మొదలైంది.

ఇంట్లో లేనప్పుడు బయటికెందుకు?

"ఇక్కడ రైతుకు దిక్కు లేదు, పరాయి దేశాలకు పంచుతారా" అన్న మాట టీ కొట్టు దగ్గర తరచూ వినిపిస్తుంది. కోపం అర్థం చేసుకోదగినదే. లెక్క మాత్రం చూడాలి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అఫ్గానిస్తాన్‌కు కేటాయించింది 100 కోట్లు, శ్రీలంకకు 300 కోట్లు, బంగ్లాదేశ్‌కు 120 కోట్లు. మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి లక్ష రూపాయల్లో ఈ మూడు దేశాలకు కలిపి వెళ్లేది సుమారు పది రూపాయలు. ఆ పది రూపాయలు ఆపినా మిర్చి రైతు అప్పు తీరదు. రైతుకు రావాల్సింది రైతుకు రాకపోవడానికి కారణాలు ఇక్కడే ఉన్నాయి, కాబూల్‌లో లేవు.

పైగా ఆ పది రూపాయలు పూర్తిగా పోయినట్టు కాదు. పొరుగు దేశం నిలబడితే కొనేవాడు నిలబడతాడు. ఇది దానం చేసేవాడి గొప్పతనం గురించి మాట కాదు, వ్యాపారం తెలిసిన ఎవరైనా ఒప్పుకునే మాట.

గాజాకు ఏ దారి?

గాజా విషయానికి వస్తే పాత అనుభవం ఒకటుంది. 2014లో 51 రోజుల యుద్ధం తర్వాత కైరోలో దాతల సమావేశం జరిగింది. 540 కోట్ల డాలర్లు ఇస్తామని మాటిచ్చారు. అందులో సగం మాత్రమే గాజా పునర్నిర్మాణానికి అన్నారు. ఇస్తామన్నదీ ఆలస్యంగానే, అరకొరగానే వచ్చింది. సిమెంటు, ఇనుము సొరంగాలకు వాడతారంటూ ఇజ్రాయెల్ అడ్డు చెబితే, ఐక్యరాజ్యసమితి మధ్యలో ఉండి ఒక యంత్రాంగం పెట్టింది. ఇల్లు కూలిన ప్రతి మనిషి పేరు నమోదు కావాలి, ఎన్ని బస్తాలు కావాలో తేలాలి, అనుమతి రావాలి. బస్తా కోసం నెలల తరబడి ఎదురుచూపులు. చాలక నల్లబజారు. ఇల్లు కట్టుకోవాలా వద్దా అన్నది ఆ ఇంటివాడి చేతిలో లేకుండా పోయింది.

ఇప్పుడు కూలింది అప్పటికి ఎన్నో రెట్లు. మళ్లీ అదే దారి పడితే ఒక తరం గుడారాల్లోనే పెరుగుతుంది. భారత్ 2018 నుంచి ఏటా 50 లక్షల డాలర్లు పాలస్తీనా శరణార్థుల సంస్థ ఉన్వాకు ఇస్తోంది. మన స్థాయికి ఇది చిన్న మొత్తమే. కానీ భారత్ దగ్గర డబ్బు కంటే విలువైనది ఇంకొకటి ఉంది, అది అనుభవం. శ్రీలంకలో ఇంటివాళ్ల ఖాతాలోకే డబ్బు వేసి పదుల వేల ఇళ్లు లేపిన అనుభవం అది. గాజా మీద కొత్త బోర్డులు, కొత్త మ్యాపులు గీసే సమావేశాల్లో ఢిల్లీ ఈ మాట చెప్పాలి: ఎవరి ఇల్లు కూలిందో వాళ్ల స్థలంలోనే, వాళ్ల పేరు మీదే, వాళ్ల చేతులతోనే కట్టనివ్వండి. జాబితాను అక్కడి ప్రజల ముందు పెట్టండి. కూలి పని గాజా యువకులకే ఇవ్వండి. ఇచ్చేది ఉచితమా, అప్పా అన్నది ముందే రాయండి. మనం ఎన్నుకున్న ఎంపీలు పార్లమెంటులో ఈ మాట అడిగేలా చేయడం మన చేతిలో ఉన్న పని.

ఇస్లాంలో అమానత్ అంటే ఒకరి సొత్తు ఇంకొకరి దగ్గర ఉండటం. దాచినవాడు యజమాని కాడు, చేర్చాల్సినవాడు మాత్రమే. యుద్ధ బాధితుల పేరు మీద పోగయ్యే ప్రతి పైసా, అది జకాత్ అయినా, ప్రభుత్వ పన్ను అయినా, అలాంటి అమానతే. మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతు కాటా చీటీ తీసుకుని, తూకం చూసుకుని, కోతలు లెక్కేసుకుని గానీ ఊరి బస్సెక్కడు. గాజా కోసమని ఎవరు డబ్బు పోగేసినా ఆ చీటీ చూపించమని అడగడం బాధితుల తరఫున మనం చేయగలిగిన కనీస సాయం.